పాత స్లైడ్లు, నెగెటివ్‌లకు ఏది మేలు: ఫిల్మ్ స్కానరా, ఫ్లాట్‌బెడ్డా, కెమెరానా?

ఏ స్కానర్ కొనాలా అని వెతకడం మొదలుపెట్టే ముందు పెట్టెలో ఉన్న ఫిల్మునంతా బయటికి తీసి లెక్కపెట్టుకోవడం మంచిది. మౌంటులో, అంటే అట్ట లేదా ప్లాస్టిక్ చట్రంలో బిగించిన స్లైడ్లు ఎన్ని, ఆరేసి ఫ్రేములుగా కత్తిరించిన నెగెటివ్ పట్టీలు ఎన్ని, వాటిలో రంగువి ఎన్ని, నలుపు తెలుపువి ఎన్ని, 35 మిల్లీమీటర్ల కంటే వెడల్పైన 120 రకం ఫిల్మ్ ఏమైనా ఉందా, మౌంటు మీద కొడాక్రోమ్ అని అచ్చువేసినవి ఉన్నాయా అన్న వివరాలు ఒక కాగితం మీద రాసుకుంటే, ఎంపికలో ముప్పావు వంతు అక్కడే తేలిపోతుంది. ఈ లెక్క లేకుండా పరికరాన్ని ముందు కొనేసినవారు తమ ఫిల్ముకు అది సరిపోలేదని నెల తిరగకముందే తెలుసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. రంగు ఫిల్మ్ ఎక్కువగా ఉండి, ఫ్రేముల సంఖ్య కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల దాకా ఉన్నవారికి, ఫిల్ముకోసమే ప్రత్యేకంగా తయారైన స్కానర్‌ను మించినది ఇప్పటికీ లేదు. అందుకు ముఖ్య కారణం అందులోని పరారుణ కిరణాల ఛానల్. స్కానర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందన్న లెక్క) అంకెకు ఈ నిర్ణయంలో నేను ఇచ్చే స్థానం చాలా చిన్నది. అదెందుకో ముందుగా చూద్దాం.

డీపీఐ అంకెను ఎంతవరకు నమ్మాలి

35 మిల్లీమీటర్ల ఫ్రేము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని 4000 డీపీఐ వద్ద స్కాన్ చేస్తే 5669 × 3780 పిక్సెళ్లు, అంటే సుమారు 21 మెగాపిక్సెళ్ల చిత్రం వస్తుంది. అదే ఫ్రేమును 7200 వద్ద స్కాన్ చేస్తే 69 మెగాపిక్సెళ్లు వస్తాయి. అయితే పిక్సెళ్లు పెరిగినంత మాత్రాన వివరం పెరగదు. స్కానర్‌లోని లెన్సు, ఫోకస్, సెన్సర్ మూడూ కలిసి ఎంత సూక్ష్మమైన గీతను విడదీసి చూపగలవో, దాన్నే అసలు స్పష్టతగా లెక్కించాలి. సన్నని గీతల పరీక్షా ఫలకాన్ని స్కాన్ చేసి కొలిచినప్పుడు, 7200 అని చెప్పుకొనే ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8200ఐ అందులో సగం దరిదాపుల్లో ఆగిపోతుంది. 6400 అని చెప్పుకొనే, కాగితాలను అద్దం మీద పరచి చదివే ఎప్సన్ వీ850 ఫ్లాట్‌బెడ్ సుమారు 2300 వద్ద నిలుస్తుంది. ఉత్పత్తి ఆగిపోయిన నికాన్ సూపర్ కూల్‌స్కాన్ 5000 మాత్రం తాను చెప్పుకొన్న 4000కు చాలా దగ్గరగా వస్తుంది.

ఇక ఫిల్ములోనే ఎంత వివరం ఉందన్నది ఇంకొక ప్రశ్న. ట్రైపాడ్ లేకుండా, మామూలు లెన్సుతో, పండుగలప్పుడో ప్రయాణాల్లోనో తీసిన కుటుంబ ఫోటోల్లో 2500 నుంచి 3000 డీపీఐకి మించిన వివరం దొరకడం అరుదు. 3000 వద్ద చేసిన స్కాన్‌ను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే 14 అంగుళాల పొడవున్న ప్రింటు వస్తుంది. ఇంట్లో గోడకు వేలాడదీసుకునే ఫోటోకు ఇది బాగా సరిపోతుంది.

ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదట చేతికొచ్చిన నెగెటివ్‌లన్నిటినీ ఉన్నంతలో పెద్ద అంకె పెట్టి స్కాన్ చేశాను. ఒక్కో ఫ్రేము 16 బిట్ల టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే రకం) ఫైలుగా 400 ఎంబీ దాటింది. రెండు వారాల తర్వాత అవే ఫ్రేములను 3600 వద్ద చేసి పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్ద ఫైల్లో ఫిల్మ్ గ్రెయిన్ కొంచెం గుండ్రంగా కనిపించడం తప్ప ముఖాల్లో గానీ అక్షరాల్లో గానీ కొత్త వివరమేదీ లేదు. అందుకని ఇప్పుడు మామూలు ఫ్రేములను 3600 వద్ద, మరీ ముఖ్యమైన కొద్ది ఫ్రేములను 7200 వద్ద స్కాన్ చేసి సగానికి కుదిస్తున్నాను. 4000 డీపీఐ వద్ద కూడా 16 బిట్ల టిఫ్ ఒక్కొక్కటి 128 ఎంబీ ఉంటుంది కాబట్టి, వెయ్యి ఫ్రేములకు 128 జీబీ, దాని నకలుకు మరో 128 జీబీ ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

పరారుణ ఛానల్ ఎందుకంత ముఖ్యం

రంగు ఫిల్మును కడిగినప్పుడు వెండి అంతా తొలగిపోయి, చిత్రం రంగు అద్దకాల రూపంలో మిగులుతుంది. ఈ అద్దకాలు కంటికి కనిపించే కాంతిని అడ్డుకుంటాయి గానీ పరారుణ కిరణాలను దాదాపు పూర్తిగా పోనిస్తాయి. ఫిల్ము మీది దుమ్ము, వెంట్రుక, గీత మాత్రం ఆ కిరణాలను అడ్డుకుంటాయి, లేదా చెదరగొడతాయి. అందువల్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో పాటు పరారుణ కాంతితోనూ ఒకసారి స్కాన్ చేస్తే, ఆ నాలుగో స్కాన్‌లో చిత్రం కనిపించకుండా దుమ్మూ గీతలూ మాత్రమే పటంలా కనిపిస్తాయి. ఆ పటం ఆధారంగా సాఫ్ట్‌వేర్ ఆయా చోట్లను చుట్టుపక్కల పిక్సెళ్లతో పూరిస్తుంది. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న అప్లైడ్ సైన్స్ ఫిక్షన్ అనే సంస్థ డిజిటల్ ఐస్ పేరుతో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఆ సంస్థ ఆస్తులను 2003లో కొడాక్ కొనుక్కుంది. సిల్వర్‌ఫాస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనిని ఐఎస్ఆర్‌డీ అనే సదుపాయం చేస్తుంది. వ్యూస్కాన్ అనే మరో స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇటువంటి సదుపాయం ఉంది.

ముప్పై నలభై ఏళ్లు అట్టపెట్టెలో ఉన్న స్లైడును ఎంత జాగ్రత్తగా ఊది తుడిచినా, పెద్దది చేసి చూస్తే పదుల కొద్దీ మచ్చలు కనిపిస్తాయి. వాటిని కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా చెరపడానికి నాకు ఫ్రేముకు పది నిమిషాలు పడుతుంది. వెయ్యి ఫ్రేములకు అది 160 గంటలు దాటిన పని. పరారుణ ఛానల్ ఆ పనిలో అధిక భాగాన్ని స్కాన్ జరుగుతున్నప్పుడే పూర్తిచేస్తుంది. స్కానర్ ధరను మరో పద్ధతి ధరతో పోల్చేవారు ఈ గంటలను కూడా లెక్కలో వేసుకోవాలని గట్టిగా చెబుతాను.

దీనికి పరిమితులు ఉన్నాయి. సంప్రదాయ నలుపు తెలుపు ఫిల్ములో చిత్రమే వెండి రేణువులతో ఏర్పడుతుంది. వెండి పరారుణ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ చిత్రాన్నే మచ్చగా భావించి పాడుచేస్తుంది. అటువంటి ఫిల్ముకు ఈ సదుపాయాన్ని తప్పనిసరిగా ఆపివేయాలి. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 లాగా రంగు నెగెటివ్ రసాయనాల్లోనే కడిగే నలుపు తెలుపు ఫిల్మ్ దీనికి మినహాయింపు, ఎందుకంటే అందులోనూ చిత్రం అద్దకాలతోనే ఏర్పడుతుంది.

కొడాక్రోమ్ సంగతి వేరు. 1935లో వచ్చి 2009లో ఉత్పత్తి ఆగిపోయిన ఈ ఫిల్ములోని అద్దకాలు పరారుణ కాంతిని కొంత పీల్చుకుంటాయి. అందువల్ల ముదురు రంగుల అంచుల వద్ద, కనురెప్పలు, తీగలు వంటి సన్నని వాటి వద్ద, లేని మచ్చను తుడవబోయి సాఫ్ట్‌వేర్ ఉన్న వివరాన్ని తుడిచేసే ప్రమాదం ఉంది. నికాన్ సూపర్ కూల్‌స్కాన్ 9000లోని మెరుగుపరచిన డిజిటల్ ఐస్ ఈ సమస్యను బాగా అదుపు చేసింది. మిగిలిన స్కానర్లలో రెండు మూడు స్లైడ్లను సదుపాయం ఉంచి ఒకసారి, ఆపి ఒకసారి స్కాన్ చేసి పోల్చుకున్నాకే మిగతా పెట్టె జోలికి వెళ్లాలి. కొడాక్రోమ్ స్కాన్ నీలిరంగుకు మొగ్గడం కూడా సాధారణం కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫిల్ముకోసం ఉన్న ప్రత్యేక అమరికను వాడుకోవాలి. చీకట్లో భద్రపరచిన కొడాక్రోమ్ స్లైడ్ల రంగులు దశాబ్దాల తర్వాత కూడా ఎంత తాజాగా ఉంటాయో చూసినవారికి ఈ శ్రమ ఎక్కువ అనిపించదు.

కొత్త స్కానరా, వాడిన స్కానరా

ఇప్పుడు కొత్తగా దొరికే ఫిల్మ్ స్కానర్లలో ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ శ్రేణి ఎక్కువమందికి తెలిసినది. 8100కు, 8200ఐకి ఉన్న అసలు తేడా పరారుణ ఛానల్. అది 8200ఐలో మాత్రమే ఉంటుంది. నలుపు తెలుపు ఫిల్మ్ మాత్రమే ఉన్నవారు తప్ప మిగిలినవారెవరూ 8100తో సరిపెట్టుకోకూడదని నా సలహా. రెండింటిలోనూ నాలుగు స్లైడ్లు గానీ ఆరు ఫ్రేముల పట్టీ గానీ పట్టే హోల్డరును ఒక్కో ఫ్రేముకూ చేత్తో ముందుకు జరపాలి. ఫోకస్ స్థిరంగా ఉంటుంది కాబట్టి, అట్టమౌంటులో వంగిపోయిన స్లైడు మధ్యలో స్పష్టంగా, అంచుల్లో మసకగా రావచ్చు. దుమ్ము తొలగింపుతో కలిపి ఫ్రేముకు నాలుగు నిమిషాలు పడుతుందనుకుంటే వెయ్యి ఫ్రేములకు 66 గంటలు పైచిలుకు అవుతుంది. రోజుకు గంట చొప్పున రెండు నెలలకు పైగా కూర్చోగల ఓపిక ఉందా అని ఎవరికి వారే ప్రశ్నించుకోవాలి.

నికాన్ కూల్‌స్కాన్ 5 ఈడీ, సూపర్ కూల్‌స్కాన్ 5000 ఈడీ, 9000 ఈడీ ఇప్పుడు వాడినవిగానే దొరుకుతాయి. వీటిలో ఆటోఫోకస్ ఉంది, దీపం స్థానంలో ఎల్ఈడీలు ఉన్నాయి, 5, 5000లలో నెగెటివ్ పట్టీని యంత్రమే లాక్కుంటుంది. 5000కు యాభై స్లైడ్ల దాకా ఒకేసారి నింపగల ఫీడరు కూడా తయారైంది. స్లైడ్లు ఎక్కువగా ఉన్నవారికి ఇది గొప్ప సౌకర్యమే గాని, పలచని అట్టమౌంట్లు రెండు కలిసి ఇరుక్కునే అవకాశం ఉంది కాబట్టి గదిలో ఒకరు ఉండటం అవసరం. నికాన్ సొంత సాఫ్ట్‌వేర్ నేటి ఆపరేటింగ్ సిస్టముల కోసం రాసినది కాదు. వ్యూస్కాన్ గానీ సిల్వర్‌ఫాస్ట్ గానీ కొనుక్కోవలసి వస్తుంది. 9000 ఫైర్‌వైర్ అనే పాత కేబుల్ పద్ధతితో పనిచేస్తుంది కాబట్టి, నేటి కంప్యూటరుకు దాన్ని ఎలా తగిలించాలో ముందే చూసుకోవాలి. కూల్‌స్కాన్ 5, 5000లు యూఎస్‌బీవే.

వాడిన స్కానర్ కొనేటప్పుడు అందరూ మరిచిపోయే విషయం లోపలి అద్దం. ఏళ్ల తరబడి దాని మీద సన్నని దుమ్ము పేరుకుంటే, చిత్రంలో తెల్లని ఆకాశం, నల్లని కొండ కలిసే చోట తెలుపు నలుపులోకి పొగలా పాకుతుంది. అమ్మేవారిని అటువంటి గాఢమైన వెలుగునీడలున్న స్లైడు ఒకటి స్కాన్ చేసి, ఏ దిద్దుబాటూ లేకుండా పంపమని అడగాలి. పంపడానికి ఇష్టపడకపోతే ఆ స్కానర్‌ను వదిలేయడమే మంచిది. కోనికా మినోల్టా 2006లో ఫోటో వ్యాపారం నుంచే తప్పుకుంది కాబట్టి, మినోల్టా డిమాజ్ 5400 ఎంత మంచి పరికరమైనా పాడైతే బాగుచేయించడం కష్టమని గుర్తుంచుకోవాలి.

స్లైడ్లకూ నెగెటివ్‌లకూ మధ్య ఇంకొక తేడా ఇక్కడ చెప్పాలి. స్లైడులోని నీడలు చాలా చిక్కగా ఉంటాయి, వాటిలోంచి కాంతి అతి తక్కువగా బయటికి వస్తుంది. నాసిరకం సెన్సర్ ఆ నీడల్లో వివరానికి బదులు చుక్కల చుక్కల గందరగోళాన్ని చూపుతుంది. ఒకే ఫ్రేమును రెండు వేర్వేరు ఎక్స్‌పోజర్లతో చదివి కలిపే సదుపాయం ఉంటే స్లైడ్లకు దాన్ని వాడాలి. రంగు నెగెటివ్ అంత చిక్కగా ఉండదు గనుక దాన్ని చదవడం స్కానర్‌కు తేలిక. అక్కడ కష్టమంతా నారింజ రంగు పొరను తీసివేసి సరైన రంగులు రప్పించడంలో ఉంటుంది. కాబట్టి స్లైడ్లు ఎక్కువున్నవారు స్కానర్ మీద, నెగెటివ్‌లు ఎక్కువున్నవారు సాఫ్ట్‌వేర్ మీద, దాన్ని నేర్చుకునే సమయం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఫ్లాట్‌బెడ్ ఎవరికి

ఎప్సన్ వీ600, వీ850 వంటి ఫ్లాట్‌బెడ్‌ల మూతలో కూడా దీపం ఉంటుంది కాబట్టి అవి ఫిల్మును చదవగలవు, వాటిలో పరారుణ దుమ్ము తొలగింపూ ఉంది. వీ850లో ఒక్కసారికి 18 నెగెటివ్ ఫ్రేములు గానీ 12 స్లైడ్లు గానీ పడతాయి. కాని 2300 అసలు స్పష్టతతో 35 మిల్లీమీటర్ల ఫ్రేము నుంచి దక్కేది సుమారు 7 మెగాపిక్సెళ్ల వివరమే. ఆల్బమ్‌లో పెట్టుకునే ప్రింటుకు, తెర మీద చూసుకోవడానికి అది చాలు. అదే స్పష్టతతో 120 ఫిల్ము మీది 56 మిల్లీమీటర్ల చదరపు ఫ్రేమును చదివితే సుమారు 26 మెగాపిక్సెళ్లు వస్తాయి. అందుకే 120 ఫిల్ము, పాత ప్రింట్లు, ఉత్తరాలు, కొద్దిపాటి 35 మిల్లీమీటర్ల ఫిల్ము కలగలిసి ఉన్న ఇంటికి ఫ్లాట్‌బెడ్ తెలివైన ఎంపిక. పెట్టెలో ఉన్నదంతా 35 మిల్లీమీటర్లే అయితే మాత్రం దాన్ని నేను ఎంచుకోను. తీసుకున్నవారు హోల్డరు ఎత్తును ఒకసారి సరిచూసుకోవాలి. ఫిల్ము ఒక మిల్లీమీటరు పైకో కిందికో ఉన్నా పదును పోతుంది.

కెమెరాతో ఫోటో తీయడం

మంచి డిజిటల్ కెమెరా, ఒకటికి ఒకటి నిష్పత్తిలో దగ్గరగా తీయగల మాక్రో లెన్సు ఇప్పటికే ఉన్నవారికి ఈ మార్గం చాలా ఆకర్షణీయమైనది. 24 మెగాపిక్సెళ్ల పూర్తి ఫ్రేము సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవును 6000 పిక్సెళ్లతో చదువుతుంది, అంటే ఇది 4200 డీపీఐతో సమానం. వేగంలో దీనికి సాటి లేదు. అమరిక కుదిరాక రోలు మొత్తం కొన్ని నిమిషాల్లో పూర్తవుతుంది.

అమరిక కుదరడంలోనే కష్టమంతా ఉంది. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అంకె 95 దాటిన, సమంగా పరచుకున్న తెల్లని కాంతి కావాలి. ఫిల్ము చుట్టూ మిగిలిన వెలుగును నల్లకాగితంతో కప్పాలి, గదిలో దీపాలు ఆర్పాలి. సెన్సరు, ఫిల్ము ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఫిల్ము ఉండవలసిన చోట చిన్న అద్దం పెట్టి, అందులో లెన్సు ప్రతిబింబం చిత్రానికి సరిగ్గా మధ్యలో కనిపించేదాకా కెమెరాను సరిచేస్తే సమాంతరం కుదురుతుంది. ఈ చిన్న ఉపాయం నాకు గంటల కొద్దీ శ్రమను తప్పించింది. అపర్చరు ఎఫ్8 దగ్గర, ఐఎస్ఓ వీలైనంత తక్కువగా, ఫైలు కెమెరా దిద్దకుండా దాచే ‘రా’ రూపంలో ఉండాలి. నికాన్ ఈఎస్-2 వంటి, లెన్సుకే బిగించే గొట్టం ఉంటే స్టాండు అవసరం తప్పుతుంది. నెగెటివ్‌లను పాజిటివ్‌గా మార్చడానికి లైట్‌రూమ్ అనే ఫోటో దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే నెగెటివ్ ల్యాబ్ ప్రో మంచి ఫలితమిస్తుంది.

ఈ మార్గానికి ఉన్న పెద్ద లోటు పరారుణ ఛానల్ లేకపోవడమే. ఫోటో తీయడంలో మిగిలిన సమయం మచ్చలు చెరపడంలో ఖర్చవుతుంది. అయితే నలుపు తెలుపు ఫిల్ముకు ఆ ఛానల్ ఎలాగూ పనికిరాదు కనుక, అక్కడ కెమెరా వల్ల పోగొట్టుకునేది ఏమీ ఉండదు. పైగా ఫిల్ము వెనక పెట్టే వెలుగు పలకలోంచి చెదిరి వచ్చే మెత్తని కాంతిలో సన్నని గీతలు, కూల్‌స్కాన్ ఎల్ఈడీల సూటి కాంతిలో కనిపించినంత కటువుగా కనిపించవు. నా దగ్గరున్న నలుపు తెలుపు నెగెటివ్‌లన్నిటినీ కెమెరాతోనే చేశాను, రంగువి స్కానర్‌తో చేశాను. రెండు పద్ధతులను ఇలా పంచుకోవడం వల్ల రెండింటి బలమూ దక్కింది.

మిగిలిన మార్గాలు

చిన్న తెరతో, కంప్యూటరు అవసరం లేకుండా పనిచేసే చవక పెట్టెలు లోపలున్న చిన్న కెమెరాతో ఫ్రేమును ఒక్క క్షణంలో తీసి జేపెగ్‌గా దాచుకుంటాయి. పరారుణ ఛానల్ ఉండదు, స్లైడ్లలోని తెల్లని భాగాలు వెలిసిపోతాయి, నీడలు మూసుకుపోతాయి. భద్రపరచడానికి వీటిని నేను సిఫారసు చేయను. ఏ పట్టీలో ఏముందో తెలుసుకుని, స్కాన్ చేయదగిన ఫ్రేములను ఏరుకోవడానికి మాత్రం ఇవి చక్కగా పనికొస్తాయి.

ఫ్రేములు అనేక వేలు ఉంటే సేవా సంస్థకు ఇవ్వడమే న్యాయం. ముందుగా ఇరవై ఫ్రేములు మాత్రమే ఇచ్చి, ఏ స్కానర్ వాడతారు, టిఫ్ ఇస్తారా, దుమ్ము తొలగింపు కొడాక్రోమ్‌కు, నలుపు తెలుపుకు ఆపుతారా, ఫిల్మును వచ్చిన వరుసలోనే తిరిగి ఇస్తారా అని అడగాలి. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చేవారికే మిగతాది అప్పగించాలి.

ఏ పరికరం తీసుకున్నా ఫిల్ము పట్ల కొన్ని జాగ్రత్తలు తప్పవు. దుమ్మును ముందు గాలి ఊదే రబ్బరు బంతితో, తర్వాత మెత్తని కుంచెతో తీయాలి. మెరుపు తక్కువగా ఉన్న ఎమల్షన్ (చిత్రపు పొర) వైపును వేలితో తాకకూడదు. బూజు పట్టిన ఫిల్మును నీటితో కడగరాదు, ఎందుకంటే బూజు తిన్న జెలటిన్ నీటిలో కరిగి చిత్రంతో సహా జారిపోతుంది. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్ము శిథిలమవుతోందని అర్థం. దాన్ని మిగిలిన ఫిల్ము నుంచి వేరుచేసి, మంచి చెడు ఎంచకుండా ముందుగా స్కాన్ చేయాలి. చుట్టుకుపోయిన పట్టీలను శుభ్రమైన కాగితాల మధ్య బరువైన పుస్తకం కింద కొన్ని రోజులు ఉంచితే హోల్డరులో చదునుగా కూర్చుంటాయి. స్కాన్ పూర్తయిందని అసలు ఫిల్మును పారవేయడం మాత్రం ఎవరూ చేయకూడదు.

స్కానర్ చేతికి వచ్చిన మొదటి వారంలోనే, వాపసు గడువు ముగియకముందే, పెట్టెలోంచి కష్టమైన ఇరవై ఫ్రేములు ఏరాలి: బాగా చీకటిగా ఉన్న స్లైడు, అట్టమౌంటులో వంగినది, ఎరుపెక్కి వెలిసినది, గీతలు పడిన నెగెటివ్, ఉంటే ఒక కొడాక్రోమ్. ఈ ఇరవైనీ మొదటి నుంచి చివరిదాకా పూర్తిచేసి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకుని, మొదట వేసుకున్న ఫ్రేముల లెక్కతో గుణించి చూడాలి. వచ్చిన గంటలు భరించగలిగినవైతే ఆ స్కానర్‌ను ఉంచుకోవచ్చు; కాకపోతే దాన్ని వాపసు చేసి కెమెరా వైపో, సేవా సంస్థ వైపో చూడటం మంచిది.